తల ఎవరి భాగం

సైలోసి పడవ కొనడానికి నేనిచ్చింది ఇరవై వేల డాలర్లు. సవుసవు రేవులో కొట్టు పెట్టాక ఒకే మనిషికి అంత ఇవ్వడం అదే మొదలు. కాగితం రాసుకోలేదు. మేం ఒకరినొకరు బావా అని పిలుచుకుంటాం. సైలోసి లాంటి ఈ దీవివాళ్లలో బావను వడ్డీ అడగడం ముఖాన ఉమ్మినంత పని.

"వడ్డీ మాటెత్తకు బావా. వేటకెళ్లినప్పుడల్లా పెద్ద చేప తల నీ ఇంటికొస్తుంది," అన్నాడు సైలోసి.

నాకు లెక్క కుదిరింది. కూర ఖర్చు మిగులుతుంది, అసలు అలాగే ఉంటుంది. మా ఆవిడ జశోద ఆ తలలను కొబ్బరిపాలలో వండేది.

గాలివానలో పడవ మునిగింది. సైలోసి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. అతని దగ్గర కూలికి వెళ్లిన అన్నదమ్ములిద్దరూ రాలేదు. పడవకు బీమా లేదు. మైల విడిచే విందు అయిపోయినా వాళ్ల తల్లి లోసానా నల్లబట్టలు మార్చలేదు.

విందు అయ్యాకే నా డబ్బు అడిగాను.

"ఏం డబ్బు బావా? మునిగింది ఇద్దరి పడవ."

కేసు వేశాను. అప్పని తేలితే డబ్బు తిరిగొస్తుంది, వాటా అని తేలితే సముద్రం పాలు. నా లెక్క అంతవరకే వెళ్లింది.

"వద్దండీ," అంది జశోద. "ఆ పడవ పేరెత్తితే వినడానికి లోసానా కూడా వస్తుంది."

"రానీ. కోర్టు బెంచీకి టికెట్టా ఏమన్నా?"

లోసానా వచ్చింది. చివరి బెంచీలో కూర్చుంది. పక్కన ఒక వకీలు. మా ఇద్దరి తరఫువాడూ కాడు. ఏదో రాసుకుంటున్నాడు.

సైలోసి లాయరమ్మ లేచింది.

"సుబర్మని నాయుడు గారూ, చేప తలలు తిన్నదెవరు?"

"నేనే. వడ్డీ కింద."

"ముప్పై ఏళ్లుగా ఇక్కడున్నారు. పడవలో పడ్డ చేప తల ఎవరి భాగం?"

"పడవ యజమానిది."

"మరి ఒక్కసారైనా వద్దన్నారా? పోనీ, తోక పంపమన్నారా?"

హాలంతా నవ్వింది. సైలోసి కూడా నవ్వాపుకోలేకపోయాడు. లోసానా నవ్వలేదు.

అది అప్పు కాదు, పడవలో వాటా అన్నారు జడ్జి. ఇద్దరూ యజమానులేనన్నారు. ఇరవై వేలు పోయాయనుకుని లేచాను. చివరి బెంచీలోని వకీలు అప్పుడే కలం మూసి నా వైపు చూశాడు.

మెట్ల మీద సైలోసి నా చెయ్యి పట్టుకున్నాడు. అతని ముఖంలో నవ్వు లేదు.

"కేసెందుకు వేశావు బావా? పోయిన పిల్లలకు పరిహారం అడిగితే నా దగ్గర లోసానా వాళ్లు తీసుకోవడానికి ఏముంది? గుడిసె కూడా ఊరి ఉమ్మడి భూమిలోనే ఉంది. నీకు కొట్టుంది."

మర్నాడు కొట్టు తలుపు తీసేసరికి గడప ముందు లోసానా, చేతిలో అరిటాకు పొట్లం. ఆ వకీలు రోడ్డవతల నిలబడి కొట్టును ఈ చివరనుంచి ఆ చివరదాకా చూస్తున్నాడు.

ఆమె పొట్లం గడప మీద పెట్టి విప్పింది. పెద్ద చేప తల. కళ్లు ఇంకా తేటగా ఉన్నాయి.

"ఆ రోజు మా పిల్లలు పట్టింది నీకు అందలేదు," అంది. "ఇదిగో, దానికి బదులు. నీ భాగం నీకు ముట్టింది కదా యజమానీ?"



"ఇక మా భాగం," అంది, నా భుజం మీదుగా అల్మారాల వైపు చూస్తూ.

లోపల జశోద కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగిపోయింది.