బ్రష్షక్క చేతులు

వార్డులో నా వెనక అందరూ నన్ను బ్రష్షక్క అంటారు. నాకు తెలుసు. అది మెచ్చుకోలే అనుకుని ఊరుకునేదాన్ని. నెలలు నిండని పసికందుల వార్డుకు హెడ్ నర్సును. ఇరవై రెండేళ్లుగా పూటకు పాతికసార్లు మోచేతుల దాకా బ్రష్‌తో తోముకున్నాను. చర్మం పగిలి నెత్తురు కనబడినా ఆపలేదు. గ్లవ్స్ వేసుకుంటే ఆ పగుళ్లు మండుతాయని వాటిని పక్కన పడేసి బ్రష్‌నే నమ్ముకున్నాను. చేతులకు బ్రష్ వాడొద్దని పైనుంచి కాగితం వస్తే, వాళ్ల మొహం, వాళ్లకేం తెలుసని దాని మీద డ్యూటీ చార్టు అంటించాను.

మూడో అద్దాల పెట్టెలో ఉన్నది నా చెల్లెలి కూతురు. ఏడో నెలలో పుట్టింది, కిలోంబావు. నేనున్నాననే ధైర్యంతోనే చెల్లెలు ఈ ఆసుపత్రికి వచ్చింది. పోయిన వారం ఇద్దరు పిల్లలకు జ్వరం, ఒంటి మీద చీము పొక్కులు. ఆ తర్వాత మా పాపకు. పాలు మానేసింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

నా కోపమంతా నేల తుడిచే ఆయా మీదికి మళ్లింది. ఆవిడ నాలాగా తోముకోదు. సబ్బు రాసి కడుక్కుని, మెత్తగా తుడుచుకుని, ఇంటికెళ్లేముందు చేతులకు నూనె రాసుకుంటుంది. పసిపిల్లల ప్రాణాలు పోతుంటే నీకు నూనె సోకులా అని అందరి ముందూ దులిపేశాను. బయటి వరండాకు తోలేశాను. ఆవిడ బకెట్టు పట్టుకుని వెళ్లిపోయింది.

పెద్ద డాక్టరుగారు మాత్రం అందరి చేతులూ పరీక్ష చెయ్యాల్సిందే అన్నారు. గాజు పళ్లెంలో సూక్ష్మజీవులు పెరిగే జెల్లీ ఉంటుంది, దాని మీద వేళ్లు నొక్కాలి. నాక్కూడానా అని నవ్వి మరీ నొక్కాను.

రెండ్రోజులకు ల్యాబు టెక్నీషియన్ పిలిచాడు. ఏళ్ల తరబడి నన్ను అక్కా అని పిలిచే మనిషి. ఆరోజు తలెత్తి చూడలేదు. బల్ల మీద రెండు పళ్లేలున్నాయి. ఒకదాన్నిండా రకరకాల తెల్లటి చుక్కలు. రెండోది ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకటే పసుపు. ఆ పసుపు ఆయాదేగా, నేను ముందే మొత్తుకున్నానుగా అని ఎగిరాను.

"ఆయాది తెల్లదక్కా," అన్నాడు. "పసుపుది నీది. పాప నెత్తుట్లో దొరికిందీ అదే."

వినపడింది. బుర్రకెక్కలేదు. మళ్లీ చెప్పమన్నాను. ఆ తెల్ల చుక్కలు మామూలుగా మన చర్మం మీద కాపురం ఉండేవేనట. చోటంతా అవే పట్టుకుని ఉంటే చెడ్డది వచ్చి నిలదొక్కుకోవడం కష్టమట. నేను తోమి తోమి వాటిని వెళ్లగొట్టాను. పగిలిన చర్మంలో ఇది తిష్ట వేసింది. ఇక ఎంత కడిగినా పైపైనే పోతుందట. స్టూలు లాక్కుని కూర్చున్నాను. నా చేతులు నా ఒళ్లో పెట్టుకోవడానికే నాకు భయమేసింది.

డాక్టరుగారు అప్పటికే మందు మార్చారు. పనిచేసేదీ లేనిదీ రేపు సాయంత్రానికి గాని తెలియదన్నారు. నన్ను లోపలికి వెళ్లొద్దన్నారు. చెల్లెలితో ఆ మాట నేనే చెప్తానని గుమ్మం దాకా వెళ్లాను.

పెట్టె పక్కన కూర్చున్న చెల్లెలు నన్ను చూడగానే బావురుమంది. ఆయాను తోలెయ్యడం మంచిపనైందట. ఇక పాపను నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదట.

"ఆయా వల్ల కాదే," అన్నాను. "నా చేతుల నుంచే అంటుకుంది."

ముందు నమ్మలేదు. నా మొహం చూసి నమ్మింది. ఏడుపు ఆగిపోయింది. తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. నేను చంకనేసుకుని పెంచిన పిల్ల మెల్లగా లేచి, నాకూ ఆ పెట్టెకూ మధ్య నిలబడింది.

"అక్కా, నువ్వు లోపలికి రాకు," అంది.