పైకి పాకిన వేళ్ళు

గొట్టాన్ని నిలువునా కోసి, మట్టిని రెండు బద్దలుగా బల్ల మీద పరిచింది. రిపోర్టులోకి ఒక్క ఫోటో కావాలి, అంతే. దీపం దగ్గరికి లాగి చూసేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. కిందికి దిగాల్సిన గడ్డివేళ్ళు పైకి పాకి ఉన్నాయి.

పోటుకు మునిగి, పాటుకు తేలే బురదనేలలో లోతు నుంచి తీసిన మట్టి అది. మూడేళ్ళుగా గొట్టానికి చిన్న చిన్న బెజ్జాలు పెట్టి, చిటికెడు చిటికెడు తీసి చదివింది. అడుగున సముద్రపు ఇసుక, మధ్యలో ఒండ్రు, పైన ఉప్పుగడ్డి. అంటే సముద్రం వెనక్కి పోయిందని తేల్చింది. ఈ సాయంత్రం రిపోర్టు వెళ్ళిపోవాలి. గొట్టం తిరగబడితే కథంతా తిరగబడుతుంది. గడ్డినేల మీదికి సముద్రమే వచ్చిందన్నమాట.

ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు గొట్టం లాగుతుంటే, ఇంకొకరు అక్కడికక్కడే పైకొస మీద బాణం గుర్తు గీయాలి. మూడేళ్ళ కిందట, గొట్టం తీసిన రోజు పొద్దున, అందరూ పీత అని పిలిచే తోటి పరిశోధకుడు నవ్వుతూనే అన్నాడు, "నీకు మనుషులెందుకు, బురద చాలు" అని. అయితే రావద్దంది ఆమె. ఒక్కతే వెళ్ళింది. పోటు తరుముకొస్తుంటే గొట్టాన్ని రెండు చేతులా పొదివి పట్టుకుని గట్టుకు పరిగెత్తింది. బాణం గీసింది గట్టు మీద, ఏ కొస పైదో అప్పటికే తారుమారయ్యాక.

అప్పట్నుంచీ అతను పక్కగదిలోనే ఉన్నా మాటల్లేవు. ఇప్పుడు వెళ్ళి పిలిచింది. వచ్చి, వంగి చాలాసేపు చూశాడు.

"వేళ్ళు పడకుండా ఫోటో తీసుకో. ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయిందిగా."

"అయితే మాస్టారికి నువ్వే చెప్పుకో" అని వెళ్ళిపోయాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

తన పరిశోధన చూసే మాస్టారికి ఫోన్ చేసి, జరిగింది దాచకుండా చెప్పింది. మాస్టారు కోప్పడలేదు. రిపోర్టు ఆపించేస్తానన్నారు. గుర్తు తప్పిన గొట్టాన్ని ఎవరూ నమ్మరు. మళ్ళీ తవ్వాలి, మళ్ళీ మూడేళ్ళు.

"ఈసారి తోడు ఎవర్ని తీసుకెళ్తావమ్మా?"

తనకు తెలిసిన పేర్లన్నీ వెతుక్కుంది. వరండాలో, ఇంటికి బయల్దేరిన పీత అడుగుల చప్పుడు మెట్ల వైపు దూరమవుతోంది. పరిగెత్తి పిలిస్తే ఆగుతాడేమో. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, చప్పుడు పూర్తిగా పోయేదాకా అలాగే నిలబడింది.

"ఇంకా అడగలేదండి" అంది.