తోమిన మేకులు

వదిన ఇంట్లోకి ఈగ కూడా కాళ్ళు తుడుచుకుని రావాలని వీధిలో ఒక జోకు. అది విన్నప్పుడల్లా ఆవిడ మురిసిపోయేది. వీధి మొత్తానికీ ఆవిడ వదినే. ప్లంబర్ పని చేసే మరిది పిలుపు అందరి నోళ్ళకీ అంటుకుంది.

బోరు నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని తేలాక ఆ మరిదే ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. ఖరీదైన మిషన్లు కొనే తాహతు ఆ వీధిలో ఎవరికుంది? ఒకదాని మీద ఒకటి రెండు బకెట్లు. పై బకెట్లో ఇసుక, ఇటుక ముక్కలు, వాటి మీద చిల్లుల పళ్ళెం నిండా ఇనుప మేకులు. నీళ్ళు పోస్తుంటే మేకులు తుప్పు పడతాయి, ఆ తుప్పుకి విషం అంటుకుపోతుంది, కింది బకెట్లోకి మంచినీళ్ళు దిగుతాయి. మొదటిది వదిన ఇంట్లో పెట్టాడు, రెండోది ఎదురింటి తాపీమేస్త్రీ ఇంట్లో.

"మేకుల జోలికి మాత్రం పోకు వదినా. ఆ తుప్పే మందు," అని మరీ చెప్పాడు.

తిన్న కంచం తీయని మనిషి చెప్పే మాట ఆవిడ చెవికెక్కుతుందా? బద్ధకానికి ఇదో సాకు అనుకుంది. ఎర్రగా పొలుసులు లేచిన మేకులు చూసి ఊరుకోలేకపోయింది. నిమ్మడిప్ప వేసి, పీచు పెట్టి తళతళలాడేలా తోమి మళ్ళీ పేర్చింది. వారం వారం అదే అలవాటైపోయింది.

పక్కింటి టైలరమ్మ కడుపుతో ఉన్న పిల్ల. ఇంట్లో బకెట్లకి చోటు లేక రోజూ ఇక్కడే బిందె నింపుకునేది. "మీ ఇంటి నీళ్ళయితే కళ్ళు మూసుకుని తాగొచ్చు వదినా," అనేది. ఆ మాటకి వదిన ఇంకాస్త గట్టిగా తోమేది.

కొన్నాళ్ళకి నీళ్ళు పరీక్షించే అమ్మాయి వచ్చింది. వీధంతా వదిన వాకిట్లో మూగింది. మిగతా ఇళ్ళవాళ్ళు ఈ బకెట్లు పెట్టించుకోవాలో వద్దో దీంతోనే తేలాలి. అమ్మాయి సీసాలో నీళ్ళు పోసి, పొడి వేసి, మూత కింద కాగితం ముక్క బిగించింది. తెల్లగా ఉండాల్సిన కాగితం చూస్తుండగానే ముదురు గోధుమరంగుకి తిరిగింది.

"బోరు నీళ్ళకీ వీటికీ తేడా లేదండీ. తాగకండి," అంది.

టైలరమ్మ చెయ్యి పొట్ట మీదికి పోయింది. "రోజూ ఇవే తాగాను. లోపల బిడ్డకేమన్నా అవుతుందా?"

"డాక్టరుకి చూపించుకో అమ్మా," అంది అమ్మాయి. అంతకు మించి ఏం చెప్పగలదు!

"తుప్పు మేకులతో వైద్యం చేస్తానంటే నమ్మాం చూడు, మాకుండాలి బుద్ధి!" మేస్త్రీ మరిది మీదికి లేచాడు.

మరిది బకెట్ మూత ఎత్తి చూశాడు. మేకులు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. ఒక్కసారి వదిన వైపు చూసి, మరెవరి కంటా పడకుండా మూత పెట్టేశాడు.

"ఇసుక సరిగ్గా వెయ్యలేదు. తప్పు నాదే," అన్నాడు.

వదినకి తల కొట్టేసినట్టయింది. వాడు నలుగురిలో తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. చెప్పేద్దామనుకుంది. టైలరమ్మ ముఖం చూస్తే ధైర్యం చాలలేదు. వాడే ఒప్పుకున్నాడుగా, నీకెందుకు అంది మనసు. అలా అన్నది తన మనసేనని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో మేస్త్రీ తన బకెట్లు మోసుకొచ్చి కాలవ దగ్గర బోర్లించబోయాడు. "దీనికన్నా ఆ బోరే నయం!"

"పారబోయకు అన్నయ్యా!"

వదిన మేకుల పళ్ళెం బయటికి తెచ్చి అందరి ముందూ పెట్టింది. "నేనే తోమాను. వాడు వద్దన్నా వినకుండా తోముతూనే ఉన్నాను. వాడి తప్పేం లేదు. నీ నీళ్ళు పరీక్ష చేయించు."

మేస్త్రీ నీళ్ళకి కాగితం తెల్లగానే ఉండిపోయింది. ఆ ఇంటి మేకులు మాత్రం రోత పుట్టేంత తుప్పు పట్టి ఉన్నాయి. అందరూ వదినని వదిలేసి మరిదితో మాట్లాడుతూ, తమ ఇళ్ళలో ఎప్పుడు పెడతావని అడుగుతూ పక్కకి జరిగారు.

టైలరమ్మ బిందెలో నీళ్ళు వాకిట్లోనే గుమ్మరించి మేస్త్రీ ఇంటికి వెళ్ళింది. నిండు బిందెతో ఆయాసపడుతూ తిరిగొస్తుంటే వదినకి మనసాగలేదు. ఎదురెళ్ళి చేతులు చాపింది.

"ఇలా తే అమ్మా, నేను పట్టుకొస్తాను."

టైలరమ్మ ఆగి ఆ చేతుల వంక చూసింది. బిందెని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.