పొడుగు గ్లాసు

ప్రేమలతకు కావలసింది ఒకే ఒక్క తప్పు జవాబు. ఆరేళ్ల పిల్ల ఎవరైనా అది చెప్పి పుణ్యం కట్టుకుంటే ఆమె టీచర్ ట్రైనింగు గట్టెక్కుతుంది.

మిర్యాలగూడలో ట్రైనింగు చదువుతూ, పాఠాలు చెప్పి చూపడానికి ఆమె వేములపల్లి బడికి వచ్చింది. రికార్డులో చివరి ప్రయోగం మిగిలింది. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోయాలి. పిల్లల కళ్లముందే ఒకదాని నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ఎందులో ఎక్కువున్నాయని అడగాలి. ఏడేళ్లలోపు పిల్లలు పొడుగు గ్లాసునే చూపిస్తారని పుస్తకంలో ఉంది.

వేములపల్లి పిల్లలు ఆ పుస్తకం చదవలేదు.

"రెండూ ఒక్కటే" అంది పుష్పమ్మ ముక్కు తుడుచుకుంటూ. ఆ పిల్ల తల్లి సీతమ్మ ఇంటింటికీ పాలు పోస్తుంది. కొలిచే సోల పట్టుకుని వెనకాల తిరిగేది పుష్పమ్మే.

"మంచిగ సూడు. ఇది ఎంత పొడుగున్నదో."

"గిన్నె పొడుగైతే పాలు పెరుగుతయా టీచరమ్మా? గట్లైతే మా అమ్మ బర్రెనెందుకు మేపుతది, పొడుగు చెంబు కొనుక్కుంటది గద."

విడివిడిగా పిలిచి అడిగినా అందరిదీ అదే మాట. చివరికి వాళ్లలో బీక్యా అనే పిల్లాడు జాలిపడ్డాడు. "మీకు ఏది గావాలె టీచరమ్మా? గదే జెప్త."

ప్రేమలత కలం మూత తీసింది. కాసేపు పట్టుకుని, 'పదకొండు మందీ సమానమనే చెప్పారు' అని రాసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పరీక్షాధికారి పాండురంగం సారు కోదాడ నుంచి బస్సు దిగి వచ్చి ఆ పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఏమ్మా, తప్పు పుస్తకానిదా, నీదా? పిల్లలకు ముందే నేర్పిపెట్టావు కదూ. ఇలాగైతే మార్కులెలా వేయమంటావు?"

ప్రేమలత కాళ్ల వేళ్లు చూసుకుంటూ నిలబడింది.

ఇంతలో సీతమ్మ పంపిన మజ్జిగ కుండతో పుష్పమ్మ వచ్చింది. సారుకొకటి, పక్కనున్న హెడ్‌మాస్టరుకొకటి పోయమంటే, బల్లమీదున్న ప్రయోగం గ్లాసులే తీసుకుని, వెడల్పు దాంట్లో ఒక సోల, పొడుగు దాంట్లో ఒక సోల కొలిచి పోసింది. సారు చూస్తూనే ఉన్నాడు.

"ఆ పొడుగుది ఇటివ్వు పాపా. ఎండకు గొంతెండిపోయింది, నాకు కాస్త ఎక్కువే పడుతుంది."

హెడ్‌మాస్టరు కిటికీలోంచి బయటకు చూడసాగాడు.

"సారూ, రెండిట్ల సోలెడే పోసిన" అంది పుష్పమ్మ, చిన్నపిల్లలకు చెప్పినంత ఓపికగా. తరువాత ప్రేమలత వైపు తిరిగింది. "టీచరమ్మా, దొరికిండు. రాసుకో."

సారు గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. మజ్జిగ అయిపోయాక కూడా చాలాసేపు గ్లాసు మొహం మీంచి దించలేదు. దించాక రికార్డు దగ్గరికి లాక్కుని, మార్కులు వేసి, సంతకం చేసి ప్రేమలతకు తిరిగిచ్చాడు.

"పన్నెండోది రాసుకో అమ్మా" అన్నాడు మీసం తుడుచుకుంటూ. "వయసు గడి మాత్రం ఖాళీగా ఉంచు."