నాలుగు మూలలా పసుపు

కత్తి దిగింది. శుభలేఖల కట్ట ఒక్క చప్పుడుతో రెండయింది. ఉరుకుందప్ప కటింగ్ మిషన్ పిడి పైకెత్తి, అంచుల్లో తెగిపడిన అట్టముక్కల్ని ఎడంచేత్తో పక్కకు ఊడ్చాడు. అరచేతిలో ఇమిడేంత ముక్క ఏదైనా కనబడితే ఆ చెయ్యి దానంతటదే ఆగుతుంది. ఇప్పుడూ ఆగింది. ముక్కను తీసి, వెలుతురుకు పట్టి, అంచు వంకర లేదని చూసుకుని బల్ల మీద పెట్టుకున్నాడు. శుభలేఖ మీది గణపతి తొండంలో సగం ఆ ముక్క మూలకు వచ్చింది. మంచిదే అనుకున్నాడు.

ఆదోని బజారు వెనక సందులో ఉన్న ఆ ప్రెస్సులో చేరేనాటికి అతనికి మీసం సరిగా మొలవలేదు. ఇప్పుడు ఉన్న మీసమంతా నెరిసింది. ఏళ్ల తరబడి పిడి లాగి లాగి కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారింది. చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే వాలి ఉంటుంది. ఊళ్లో ఇన్ని పెళ్లిళ్లకు శుభలేఖలు కోశాడు గానీ, "ఉరుకుందప్పా, నువ్వూ రా" అని పిలిచినవాళ్లు తక్కువ. పిలిస్తే మాత్రం పోతాడా? ఆదివారం వచ్చిందంటే మనిషి ఏ మైదానం గట్టునో ఉంటాడు.

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడి ఈ ఆదివారం కూడా ప్రెస్సు తెరిచారు. అయినా పొద్దున్నే ఓనరుకు చెప్పేశాడు, ఈ కట్టలు కోసేసి ఎమ్మిగనూరు జాతర ఆటలకు పోతానని. వద్దన్నా వినే మనిషి కాదని ఆయనకు తెలుసు.

అట్టముక్క మీద ఒక పిల్ల ఫోటో అంటించాడు. పరీక్ష హాల్‌టికెట్టుకు తీయించుకోగా మిగిలిన ఫోటో అది, బళ్లో ఆటల మాస్టారును అడిగి తెచ్చుకున్నాడు. ప్రెస్సులో ఎవరూ ముట్టని పాత సీసపు అచ్చుల అరలోంచి అక్షరాలు ఏరి, వరసపెట్టి, సిరా పూసి ఫోటో కింద అదిమాడు. నందిని. కబడ్డీ. మొదటి ఆట.

భార్య పార్వతమ్మ సద్ది తెచ్చింది. కొంగు ముడి విప్పి చిన్న కాగితపు పొట్లం బల్ల మీద పెట్టింది.

"ఇదో నీ పసుపు. ఈసారి ఎవురప్పా?"

"ఎమ్మిగనూరు పాప. పోయిన నెల బడికాడ ఆడతాంటే సూసినా. గీత దాటేటప్పుడు కిందికి సూడదు పార్వతీ! కాలికే తెలుస్తాది గీత యాడుందో."

"పువ్వు పుట్టంగానే వాసనొస్తాదంటారు. నీకు మొగ్గకాన్నే వస్తాది సూడు!" అని నవ్వి, "తిని పో. బస్సులో తిందామని మర్సిపోతావు" అంది.

పసుపులో నీటిచుక్క వేసి కార్డు నాలుగు మూలలా అద్దాడు. కొత్తబట్టకు పెట్టినట్టే.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి. అందరిలాగే తనూ ఏరాడు. కానీ వాళ్లంతా అప్పటికే పేరొచ్చినవాళ్లు. వీళ్లు మొదటిసారి ఆడిన రోజు ఎవరు చూసి ఉంటారా అని అతనికి అనిపించేది. ఎవరూ దాచి ఉండరు, ఆ రోజుకు విలువేముందని. ప్రెస్సులో చేరి చేతికి అట్ట దొరకగానే తానే మొదలుపెట్టాడు. కబడ్డీ, ఖోఖో, కుస్తీ, ఏదైనా సరే, మొదటి పోటీకి దిగేవాళ్లకే కార్డు. ఆట కాగానే, ఒంటికంటిన మట్టి దులుపుకోకముందే, ఆ మట్టి బొటనవేలితో కార్డు వెనక ముద్ర వేయించుకుంటాడు. ఆదోని మట్టి నల్లగా పడుతుంది, ఎమ్మిగనూరుది ఎర్రగా, మంత్రాలయంది ఏటి ఇసక కలిసి బూడిదగా.

వాళ్లలో ఒకతనికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఒకడు ఆలూరులో దోసెల బండి పెట్టాడు. కార్డులు దాచే డబ్బాలో ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు. రైల్వే అతను ఒకసారి కారులో వచ్చి, తన కార్డు ఇమ్మని ఎంత బతిమాలినా ఉరుకుందప్ప ఇవ్వలేదు. "సూస్కో. ఎంతసేపన్నా సూస్కో. ఈడ పెట్టిపో" అన్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ అతని ఛాతీ ఉబ్బుతుంది.

ఒకప్పుడు శుభలేఖల నమూనాలు వచ్చిన ఆ రేకుడబ్బా ఒళ్లో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాడు. బస్సంతా జాతరకు పోయే జనమే. డబ్బా మీద చెయ్యి తీయకుండా, నిలబడ్డవాళ్ల మోచేతులన్నీ భుజం మీద కాచుకున్నాడు.

మైదానంలో ఎర్రమట్టి తడిపి, చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. నందిని జడలు పైకి కట్టుకుని గట్టు దగ్గర మోకాళ్లు వంచుతోంది. ఉరుకుందప్ప అందించిన కార్డు చూసి ఆ పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"నాకా తాతా! నేనింకా ఏం గెల్సినానని?"

"గెల్సినాక ఎవురన్నా ఏస్తారు పాపా. ముందే ఏసేటోడు నేనొక్కడినే."

నందిని పొంగిపోతూ కార్డు పట్టుకుని ఉండగానే వాళ్లమ్మ మల్లేశ్వరి గుంపును తోసుకుంటూ వచ్చింది. చీర కుచ్చిళ్లు దోపుకుని ఉంది. మూటలు కట్టి వచ్చిందేమో, చేతికి గోనెపీచు అంటుకుని ఉంది. పసుపు మూలలు ఆమె కంటబడ్డాయి. కార్డు లాక్కుని చూసింది. పసుపు, గణపతి తొండం, బంగారు అంచు, మధ్యలో కూతురి ఫోటో!

"ఓయమ్మా! నా బిడ్డకు పెండ్లి కుదిర్చినారంట! పత్రికలు గూడా అచ్చేసి పంచుతాండారు! కన్నదానికే తెల్దు!" అని ఉరుకుందప్ప చొక్కా పట్టుకుంది. "ఎవురన్నా నువ్వు? మగపిల్లోని తరపా? సెప్పు!"

చుట్టూ జనం మూగారు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకునే నవ్వాడు.

"పెండ్లి పత్రిక కాదుమా! ఆట కార్డు!" నందినికి సిగ్గుతో ఏడుపొక్కటే తక్కువ.

ఉరుకుందప్పకు కోపం వచ్చింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టుంది. "పసుపు పెండ్లికేనామ్మా? కొత్తబట్టకు పెడతాము, కొత్తబండికి పెడతాము. కొత్త ఆటకు పెడితే తప్పొచ్చిందా?"

మల్లేశ్వరి చొక్కా వదిలి, కార్డు అతని చేతిలో పెట్టింది. సిగ్గుపడింది గానీ తగ్గలేదు. "ఏదైతేనేం. ఆట కాంగానే ఇది బండెక్కల్ల. సుగ్గికి పోతాండాము."

చేలల్లో పని అయిపోగానే ఇల్లిల్లూ తాళంపెట్టి గుంటూరు వైపు మిరపకోతలకు పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. బియ్యం మూటలూ, గిన్నెలూ, పరుపులూ ఎక్కించిన బండి మార్కెట్‌యార్డు దగ్గర అప్పటికే నిలబడి ఉంది. బాగా ఆడినవాళ్లను ఈ పూటే జిల్లా క్యాంపుకు ఎంచుతారని నందినికి తెలుసు. ఎంచినా, బండెక్కితే ఉగాది దాకా మిరప చేలోనే. ఆ పిల్ల తల్లి ముఖం వైపు చూసి కోర్టులోకి వెళ్లింది.

ఉరుకుందప్ప ఒక్క క్షణం ఆలోచించి, ఎవరి చేతికీ ఇవ్వని డబ్బాను మల్లేశ్వరి చేతిలో పెట్టాడు. "నమ్మకం లేకుంటే సూసుకో. అన్నీ ఇట్లాంటివే."

ఆమె గట్టు మీద చతికిలబడి ఒళ్లో డబ్బా తెరిచింది. అతను ఆట వైపు తిరిగాడు. నందిని మొదటి కూతకు వెళ్లింది. తల వంచలేదు. గీత దాటింది, ఒకరిని తాకింది, చుట్టుముట్టేలోగా వెనక్కి దూకింది. గట్టంతా అరిచింది. ఉరుకుందప్ప అరవలేదు. నేను చూశాను, అందరికంటే ముందు నేను చూశాను అని లోపల పొంగిపోయాడు.

"అన్నా."

మల్లేశ్వరి గొంతు మారిపోయింది. ఆమె చేతిలో ఒక పాత కార్డు ఉంది. గుంపు ఫోటోలోంచి కత్తిరించిన బొమ్మ. పక్కపిల్ల భుజం కొంచెం మిగిలి ఉంది. లంగా పైకి దోపుకుని, రిబ్బను జడలతో ఒక బక్కపిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కింద పేరు. మల్లేశ్వరి. కబడ్డీ. మొదటి ఆట.

"ఇది నేను గదన్నా."

అతను కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఇందాక తన చొక్కా పట్టుకున్నప్పుడు కూడా రెండో చెయ్యి ఇలాగే నడుం మీద ఉంది.

"ఆ పిల్లవు నువ్వా? అప్పుడు వట్టి అట్ట మీద ఏలిముద్ర ఏసి పోతివి. ఫోటో దొరికించుకుని కార్డు సేసేటప్పటికి నువ్వు లేవు. మర్సటేడు జాతరకు గూడా సూసినా."

"ముద్ర ఏపిచ్చుకుంటే పోటీకొచ్చినోళ్లకు అన్నం పెట్టేదానికేమో అనుకుంటినన్నా!" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "తెల్లారే సుగ్గి బండెక్కిచ్చినాడు మా నాయన. మల్లా ఆడలే."

కార్డు తిప్పింది. వెనక ఎర్రటి ముద్ర, గీత గీతా తేలి ఉంది. దాని పక్కన తన బొటనవేలు పెట్టింది. మిరపకాయలు తెంపి తెంపి ఆ వేలు నున్నగా అరిగిపోయింది.

"రేషన్ మిషన్‌లో నా ఏలు పడదన్నా. తుడుసుకో, మల్లా పెట్టు అంటాడు. ఈడ సూడు, అంతా ఉంది." వేలు తీయకుండానే, "నేనేం గెల్సినానని పెట్టుకున్యావు ఇన్నేండ్లు?" అంది.

"ఆడితివి గదమ్మా."

ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నందిని జట్టు కొద్దిలో ఓడిపోయింది. అయినా క్యాంపుకు పిలిచిన పేర్లలో మొదటిది నందినిదే. ఆ పిల్ల గట్టు దగ్గరికి వచ్చి, తల్లి వైపు చూడకుండానే, ఉరుకుందప్ప తిప్పి పట్టిన కార్డు మీద మట్టి బొటనవేలు అదిమింది. ముద్ర ఎర్రగా, నిండుగా పడింది.

"నడువమ్మా, బండికాడికి పోదాం" అంది.

"నువ్వు యాడికే? అవ్వ కాడ ఉండు. క్యాంపుకు పో. నేనూ మీ నాయనా పోతాము." మల్లేశ్వరి గట్టిగానే అంది. "మీ నాయనకు నేను సెప్తా. కాదంటే అప్పుడు సూస్తాడు నా కూత!"

నందిని ఏడుస్తూ తల్లిని పట్టుకుంది. మట్టంతా చీరకు అంటింది. దులుపుకోలేదు ఆమె.

తర్వాత ఉరుకుందప్ప వైపు తిరిగి, మొగమాటంగా చెయ్యి చాపింది. "పాప కార్డు నేను తీసుకపోతానన్నా. ఆడ పక్క సేన్లోళ్లకు సూపిచ్చుకుంటా."

అతను ఇన్నేళ్లలో ఒక్క కార్డూ డబ్బా దాటనివ్వలేదు. కారులో వచ్చినవాడికీ ఇవ్వలేదు. ఆమె చేతికి మాత్రం, ముద్ర చెదరకుండా అంచులు పట్టుకుని ఇచ్చాడు. ఇస్తుంటే ఏమీ పోయినట్టు అనిపించలేదు. ఎప్పుడూ లేని గర్వం కలిగింది.

"మరి నీదో? నీది గూడా తీసుకపో."

"నాది నీకాన్నే ఉండనీ. గుంటూర్లో దానికేం పని?"

కార్డును రవికలో దోపుకుని గబగబా నడిచింది. కాసేపటికి మార్కెట్‌యార్డు వైపు బండి హారను వినిపించింది. నందిని రోడ్డు దాకా పరుగెత్తి, అక్కడే నిలబడిపోయింది.

ఉరుకుందప్ప ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని డబ్బా తెరిచాడు. పొట్లంలో ఇంకా కాస్త పసుపు ఉంది. పార్వతమ్మకు చెప్పాల్సింది చాలా ఉంది. వేలు తడిచేసుకుని, మల్లేశ్వరి కార్డుకు ఎప్పుడో వెలిసిపోయిన మూలల్లో మళ్లీ పసుపు అద్దాడు. నందినికని వదిలిన ఖాళీలో దాన్ని నిలబెట్టాడు. నడుం మీద చెయ్యి వేసుకున్న ఆ బక్కపిల్ల చుట్టూ, నాలుగు మూలలా, కొత్త పసుపు ఇంకా తడిగానే ఉంది.