పూటకో థాంక్స్

సాయంత్రానికి ఏం చెప్పాలి, పొద్దున తిన్న టమాటా పచ్చడి చెప్పొచ్చు, కాదు, పచ్చడికి పోయిన వారమే చెప్పేసింది, చెప్పింది మళ్లీ చెప్పకూడదన్నది విద్యావతి ఆంటీ పెట్టిన నియమం, అయితే కొత్త బకెట్ చెబుదామా, బాత్రూంలో పాతది పగిలిందని ఆంటీ నిన్ననే ఎర్ర బకెట్ తెప్పించింది, ఎర్ర బకెట్‌కు థాంక్స్ చెప్పే ఆడపిల్ల ఈ అశోక్‌నగర్‌లో తను తప్ప ఇంకెవరూ ఉండరని నవనీత స్టడీ హాల్లో కూర్చున్నచోటే నవ్వుకుంది, ముందు తెరిచిపెట్టిన పంచాయతీరాజ్ పాఠం మధ్యాహ్నం నుంచి ఒకే పేజీ దగ్గర ఆగి ఉంది, అసలు ఆలోచించాల్సింది బకెట్ గురించీ కాదు పంచాయతీరాజ్ గురించీ కాదు, నిన్న సాయంత్రం నోటి నుంచి జారిన సరే ఆంటీ అన్న మాట గురించి, సరే అని ఊరుకున్నా కొంత నయమే, నా మీద ఇంత నమ్మకం పెట్టినందుకు థాంక్స్ ఆంటీ అని కూడా అనేసింది, మెడకు బండ కట్టినవాళ్లతో ముడి బాగా వేశారని చెప్పినట్టు.

ఆంటీ కూతురు సంజన బెంగళూరులో నిండు నెలల మనిషి, ఆంటీ రేపు కాచిగూడలో బండెక్కిందంటే పుట్టబోయే బిడ్డకు మూడో నెల వచ్చాకే తిరిగొస్తుంది, ఆంటీ భర్త కిషన్ రావు అంకుల్ తుంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి వాకర్ పట్టుకుని నడుస్తున్నారు, ఆయనకు పూటపూటా షుగర్ ఇంజెక్షన్ ఇవ్వాలి, పత్యం వండాలి, బాత్రూం దాకా తోడు నడవాలి, ఇవన్నీ చూడటానికి నవనీత ఉంది కదా, ఆ నవనీతకు వచ్చే నెలలో మెయిన్స్ పరీక్ష ఉంది కదా అన్నది మాత్రం ఆ డైనింగ్ టేబుల్ దగ్గర ఎవరికీ తోచలేదు, తోచినదల్లా నవనీతకే, తోచి కూడా సరే అంది, ఎందుకంటే ఆంటీ అడగలేదు, అడిగితే ఏదో ఒకటి నసిగేదే, ఆంటీ అడగకుండా థాంక్స్ చెప్పింది.

థాంక్స్ టైం అని దాని పేరు, హిమాయత్‌నగర్‌లో ధ్యానం క్లాసుకు పోవడం మొదలుపెట్టాక ఆంటీ ఇంటికి తెచ్చిన అలవాటు అది, దేవుడి దగ్గర దీపం పెట్టాక టీ కప్పులతో ముగ్గురూ టేబుల్ చుట్టూ కూర్చోవాలి, ఇవాళ జరిగిన మంచి ఒకటి చెప్పి దానికి థాంక్స్ చెప్పాలి, మొదట్లో నవనీతకు అది నచ్చింది కూడా, అంకుల్ ఎండకు చెప్పేవారు, నల్లా నీళ్లు మంచి ధారగా వచ్చినందుకు చెప్పేవారు, ఆంటీ కుండీలో విచ్చిన మందారానికి చెప్పేది, నవనీత డాబా మీద చల్లగాలికి చెప్పింది, అప్పుడే ఆంటీ మొహం జరంత వాడింది, ఇంకేం లేదా నవనీతా అంది, మెత్తగానే అంది, అంతే, ఆ పూటతో తెలిసిపోయింది, ఎండకూ గాలికీ చెప్పుకోవడం ఇంటివాళ్లకు చెల్లుతుంది, డాబా మీది గదిలో ఊరికే ఉంటున్న పిల్ల మాత్రం గది ఇచ్చినవాళ్లకు చెప్పుకోవాలి, ఆ గదికి కిరాయి లేదు, ఇదే కిరాయి, అప్పటి నుంచి పొద్దున లేస్తూనే ఇవాళ దేనికి అని వెతుక్కోవడం, పప్పుకో, ఫ్యానుకో, గొళ్లెం బాగు చేయించినందుకో, సిలబస్‌లో లేని పేపర్ ఒకటి రోజూ రాస్తున్నట్టే ఉంది, అందులో ఒక్క పూట కూడా తప్పలేదు.

రేణుక వచ్చి భుజం తట్టింది, రేణుక ఇక్కడే సందులో హాస్టల్లో ఉంటుంది, నవనీతతో పాటే గ్రూప్స్‌కు చదువుతోంది, నోటికి తాళం లేని పిల్ల, ఏందే ఇంకా పేజీ తిప్పలే, మా రూంల బెడ్ ఖాళీ అయింది, జగిత్యాల పిల్ల సామాన్ తీస్కపోయింది, హాస్టల్ అక్క ఇయ్యాల రాత్రి దాకనే ఆపుతనన్నది, వస్తవా రావా చెప్పు, ఎట్ల వస్తనే, సరే అన్న కదా అంది నవనీత, సరే అన్న నోరే వద్దంటది, వేరే నోరు తెచ్చుకోవాల్నా అంది రేణుక, కోచింగ్ సెంటర్లో పేపర్లు దిద్ది నవనీత సంపాదించేది హాస్టల్‌కు సరిపోతుంది, అడ్డం అది కాదు, మూడు నెలలు పత్యం వండుకుంట మెయిన్స్ ఎట్ల రాస్తవే అంది రేణుక, పోయినసారి మెయిన్స్ దాకా రానేలేదు, ఈసారి వచ్చింది, వచ్చిందాన్ని ఇంజెక్షన్‌కూ పెసరకట్టుకూ మధ్య పోగొట్టుకోబోతోంది, అది ఇద్దరికీ తెలుసు, టైం అయింది, టైలర్ దగ్గరికి పోవాలె అని నవనీత పుస్తకాలు సర్దుకుని లేచింది.

జిరాక్స్ షాపుల ముందు నిలబడ్డ పిల్లలను తప్పించుకుంటూ, టెస్ట్ సిరీస్ బోర్డుల కింద నుంచి, మిర్చి బండి దగ్గర నూనె పొగలోంచి నడుస్తోంది, నారాయణగూడలో టైలర్ దగ్గర పొత్తిగుడ్డలు తీసుకోవాలి, ఆంటీ తన మెత్తటి పాత నూలు చీరలు చింపించి పుట్టబోయే మనవడికో మనవరాలికో కుట్టిస్తోంది, ఆంటీ ఇల్లున్న చిక్కడపల్లి దాటి అక్కడిదాకా పోయి మళ్లీ చిక్కడపల్లికి తిరిగి రావాలి, ఇల్లు దారిలోనే ఉన్నా దాటుకుని పోవాలి, నవనీతకు ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది, ఇంకాసేపు ఇంటికి పోకుండా ఉండొచ్చు, వెంటనే ఛీ అనుకుంది, అన్నం పెట్టే ఇంటికి పోవడానికి ఇంత ఏడుపేంటి, అంకుల్ ఎలాంటి మనిషి, పోయినసారి ప్రిలిమ్స్ పోయిన రోజు ఒక్క మాట అడక్కుండా కమలాపండు ఒలిచి తొనలన్నీ ఈనెలు తీసి ప్లేటులో పెట్టి పక్కన కూర్చున్న మనిషి, వాళ్లు చెడ్డవాళ్లయితే ఎంత బాగుండేది, ఒక్కసారి కసిరితే, ఒక్కసారి తిన్నదానికి లెక్క చెబితే, సంచి సర్దుకుని దర్జాగా మెట్లు దిగిపోయేది, మంచివాళ్ల ఇంట్లోంచి ఎట్లా బయటపడాలో ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పరు.

ఫోన్ మోగింది, నాన్న, ఎల్లేశం, హుస్నాబాద్ అవతల కిషన్ రావు గారి పొలాన్ని ఏళ్ల నుంచి కౌలుకు చేస్తున్న మనిషి, ఆ ఎరుకతోనే నవనీతకు ఈ గది దొరికింది, బిడ్డా, విద్యావతమ్మ ఫోన్ జేసింది, మీ బిడ్డ మా ఇంటి మనిషి అన్నది, నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, వాళ్ల మాట తీసెయ్యకు బిడ్డా, మంచిగ చూస్కో సార్‌ను అన్నాడు, నాయినా నాకు పరీక్ష ఉన్నది అనబోయింది, పైన మెట్రో పోయింది, ఏమన్నవ్ బిడ్డా అన్నాడు, ఏం లేదు, మంచిగనే ఉన్న అంది, అనేశాక ఫోన్ వంక చూస్తూ పిల్లర్ పక్కన నిలబడిపోయింది, అంకుల్ ఆపరేషన్‌కు ముందు నాన్న ఒకసారి కొత్త బియ్యం సంచితో చిక్కడపల్లి ఇంటికి వచ్చాడు, చెప్పులు గేటు బయటే విడిచి మెట్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు, అంకులే కిందికి దిగి చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయి సోఫాలో కూర్చోబెట్టారు, నాన్న ఆ సోఫా అంచున, లేవడానికి సిద్ధంగా, టీ తాగినంతసేపూ అలాగే కూర్చున్నాడు, అప్పుడు నవనీతకు సిగ్గేసింది, నాన్న మీద కోపం వచ్చింది, చేతులు కట్టుకునే అలవాటు ఇంకా పోలేదేమని, ఇప్పుడు తెలుస్తోంది, నాన్నకు ఆ అలవాటు చేతుల్లో ఉంది, తనకు నోట్లో ఉంది, నాన్న కనీసం మెట్ల దగ్గర ఆగాడు, తను టేబుల్ దాకా పోయి రోజూ కట్టుకుంటోంది.

టైలర్ పొత్తిగుడ్డల కట్ట ఇచ్చాడు, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు, చేతికి తగిలితేనే హాయిగా ఉంది, తిరుగుదారిలో పూలమ్మే ఎల్లవ్వ మూర తీస్కపో బిడ్డా అంటే వద్దవ్వా అంది, ఎల్లవ్వ ఏమీ అనుకోకుండా ఇంకొకరిని పిలిచింది, ఎంత తేలిగ్గా వచ్చింది వద్దు అన్న మాట, అదే మాట ఆ టేబుల్ దగ్గర గొంతు దాటదు, నిన్నెందుకు దాటలేదు, భయం వల్లా, నాన్న వల్లా, కాదు, ఆ రెండూ కాదు, నవనీత కట్టను గుండెకు అదుముకుని నడుస్తూ అసలు కారణం దగ్గరికి వచ్చింది, రావడం ఇష్టం లేకపోయినా వచ్చింది, సంతోషం వల్ల దాటలేదు, ఇన్నాళ్లూ ఎండకు థాంక్స్, నల్లాకు థాంక్స్, మందారానికి థాంక్స్, అంకుల్ ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ క్యారేజీ మోసింది నవనీత, గ్యాస్ బండ పైకి ఎక్కించింది నవనీత, ఒక్క పూటైనా తన పేరు వస్తుందేమోనని టీ కప్పు వెనక నుంచి చూస్తూ ఉండేది, రాకపోతే ఏమీ కానట్టు బిస్కెట్ తీసుకునేది, నిన్న వచ్చింది, ఈ పూట నా థాంక్స్ మా నవనీతకు, తనున్నది గనుకనే నేను నిశ్చింతగ పోతున్న అంది ఆంటీ, చెయ్యి మీద చెయ్యి వేసి మరీ అంది, లోపల ఏదో కరిగింది, సిగ్గు లేకుండా కరిగింది, ఆ కరిగినంతసేపట్లోనే సరే వచ్చేసింది, వెనకే థాంక్స్ కూడా వచ్చేసింది, ఇన్నాళ్లు ఎదురుచూసిన మాటతోనే తలుపు గడియ పడింది, గడియ వేసినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఇంట్లో దీపం పెట్టేసింది ఆంటీ, సూట్‌కేస్ హాల్లోనే తెరిచి ఉంది, పొత్తిగుడ్డలు చూసి మురిసిపోయి ఒక్కొక్కటీ చెంపకు ఆనించుకుంది, టీ కప్పులు వచ్చాయి, ముగ్గురూ కూర్చున్నారు, అంకుల్ ఇవాళ బాల్కనీ దాకా వాకర్‌తో ఒక్కడినే పోయివచ్చానని చెప్పి దానికి థాంక్స్ చెప్పారు, ఆంటీ రైల్లో కింది బెర్త్ దొరికినందుకు చెప్పింది, ఇద్దరూ నవనీత వైపు తిరిగారు, ఎర్ర బకెట్ నాలుక చివర సిద్ధంగా ఉంది, అది చెబితే చాలు, ఈ పూట గడిచిపోతుంది, రేపు బండి పోతుంది, అశోక్‌నగర్ హాస్టల్లో ఆ మంచం మీద ఇంకెవరో దుప్పటి పరుచుకుంటారు, చెప్పబోయి ఆంటీ చేతుల వంక చూసింది, ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు, డెంగీ జ్వరంలో ఆ చేతులే తల మీద తడిగుడ్డ మార్చడం, డాబా మీద ఉడుకుతావని కిందికి తెచ్చి తమ మంచం మీద పడుకోబెట్టి ఆంటీ కింద చాప మీద పడుకోవడం, ఇన్ని పూటలు పచ్చళ్లకూ ఫ్యానుకూ గొళ్లేనికీ చెప్పింది గానీ దానికి ఎప్పుడూ చెప్పలేదు, అది రోజూ రాసే ఆ పేపర్లోకి తేదలుచుకోలేదేమో, తన కోసం దాచుకుంది.

ఆంటీ, నాకు డెంగీ వచ్చినప్పుడు మీరు మీ మంచం నాకిచ్చి కింద పండుకున్నరు, నా తల్లి కూడ అంతకన్న ఎక్కువ చెయ్యదు, అది మర్చిపోను, కానీ నిన్న సరే అన్న గదా, అది తప్పు, నేనుండలేను, నా పరీక్ష ఉన్నది, ఇయ్యాల రాత్రికి అశోక్‌నగర్ హాస్టల్‌కు పోత, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది, అంకుల్ కప్పు పెట్టి ఆస్పత్రి నర్సు నంబర్ నా ఫోన్ల ఉన్నది, పొద్దున మాట్లాడుత, మనిషి దొరుకుతది విద్యా అన్నారు, మనిషి దొరుకుడు గురించి కాదండి నేను చూస్తున్నది అంది ఆంటీ, కళ్లలో నీళ్లు, నవనీత వైపే చూస్తూ, అంటే ఇన్ని రోజులు ఇక్కడ కూసోని చెప్పిన థాంక్స్‌లన్ని ఉత్తవేనా నవనీతా అని అడిగింది.

కోపంగా అడిగి ఉంటే బాగుండేది, నిజంగా తెలుసుకోవాలని అడిగింది, ఆంటీని అంత చిన్నగా, అంత అయోమయంగా ఎప్పుడూ చూడలేదు, నవనీత లోపల వెతుక్కుంది, అబద్ధాలా అవి, కాదు, పచ్చడి బాగానే ఉండేది, ఫ్యాను చల్లగానే తిరిగేది, కానీ ప్రతి థాంక్స్ వెనకా ఇంకో రాత్రి ఆ గదిలో పడుకోవడం ఉండేది, చెప్పకపోతే ఏమవుతుందో అన్న బెదురు ఉండేది, వద్దు అనే వీలు లేనిచోట ఏం చెప్పినా అది కిరాయే, ఇప్పుడు గది లేదు, టేబుల్ లేదు, రేపటి పూట లేదు, ఈ మనుషుల నుంచి ఇక రావాల్సింది ఏదీ లేదు, అయినా ఆ చాప, ఆ తడిగుడ్డ, ఆ చేతులు అట్లాగే ఉన్నాయి, గుండె నిండుగా ఉన్నాయి, ఏమో ఆంటీ, అవి ఏందో నాకే తెల్వదు, ఇయ్యాల్టిది మాత్రం నిజం అంది నవనీత, అంటుంటే అర్థమైంది, ఈ ఇంట్లో తను థాంక్స్ చెప్పడం ఇదే మొదటిసారి.