మీటలు మారిన ఉదయం

ఇల్లిల్లూ తిరిగే పని తప్పిందని ప్రోగ్రామరు సంబరపడి ఎన్నాళ్ళో కాలేదు.

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ కోసం ఆసుపత్రివాళ్ళు అతని చేత జావా అనే కంప్యూటరు భాషలో ఒక ప్రోగ్రాము రాయించారు. తెర మీద తొమ్మిది బొమ్మలుంటాయి. ఒళ్ళో పెట్టుకునే చిన్న పలక మీద, అవే చోట్లలో, తొమ్మిది మీటలుంటాయి. ఏ మీట నొక్కితే ఆ బొమ్మ తాలూకు మాటను కంప్యూటరు పైకి అంటుంది. గొంతు ప్రోగ్రామరుదే. ఆ రోజు గదిలో ఇంకెవరూ లేక, తనే చదివేశాడు.

మొదట్లో సీడీ పట్టుకుని ప్రతి ఇంటికీ తనే వెళ్ళి ఎక్కించి వచ్చేవాడు. చిన్న మార్పు చేసినా కథ మళ్ళీ మొదటికొచ్చేది. ఇప్పుడు ప్రోగ్రాము ఆసుపత్రి సర్వరు మీద ఒక్కచోటే ఉంటుంది. ఇంట్లోవాళ్ళు వెబ్ పేజీలో లింకు నొక్కితే చాలు, తనంతట తానే దిగివచ్చి తెరుచుకుంటుంది. తర్వాత తెరిచిన ప్రతిసారీ, సర్వరు దగ్గర కొత్తది ఉందేమో చూసుకుని, ఉంటే తెచ్చేసుకుంటుంది.

"ఇక నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు" అంది మాట నేర్పే డాక్టరమ్మ.

బొమ్మలు కలగాపులగంగా ఉన్నాయనీ, అవసరమైనవన్నీ పై వరసలో ఉంటే కొత్తవాళ్ళకు తేలికనీ అన్నది కూడా ఆవిడే. నిజమే అనిపించింది. ఒక సాయంత్రం కూర్చుని ముచ్చటగా సర్ది, కొత్తదాన్ని సర్వరుకెక్కించి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున్నే ఫోను. రిటైరైన బస్సు డ్రైవరుగారి భార్య.

"బాబూ, ఆయనకి మళ్ళీ ఏదో అయింది. ఈసారి మతి కూడా పోయినట్టుంది."

"ఏమైందండీ?"

"నేను పనులు ముగించుకుని పక్కన కూర్చోగానే రోజూ 'తిన్నావా' అని అడుగుతారు. ఇవాళ నా మొహం చూసి 'వద్దు' అన్నారు. అదీ నీ గొంతుతో! విసుగేమోలే అనుకున్నా. మళ్ళీ నొక్కారు, మళ్ళీ 'వద్దు'. పలక విసిరికొట్టి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎంత బతిమాలినా ముట్టుకోవట్లేదు."

ప్రోగ్రామరుకు వెంటనే అర్థమైంది. కొత్తది ఆ ఇంట్లో దిగింది.

"బొమ్మలు చోటు మారాయండీ, అంతే. తెర చూసి నొక్కమనండి."

"తెర ఎప్పుడు చూశారు గనక? ఆయన నా వంక చూసి మాట్లాడతారు బాబూ."

చెయ్యి తన దారి తాను నేర్చుకుంటే కళ్ళు మనిషి మీద ఉంటాయన్న సంగతి, బొమ్మలు సర్దుతున్నప్పుడు అతనికి తట్టనేలేదు.

సంగతి వినగానే డాక్టరమ్మ కంగారుపడింది. "ఆయన నాలుక ఇప్పుడిప్పుడే తిరుగుతోంది. మీట నొక్కడం, ఆ మాటను తనూ అనబోవడం, అదే ఆయనకి సాధన. ఇప్పుడు అలిగి మానేస్తే మళ్ళీ మాట్లాడించలేం. పాతదే పెట్టెయ్."

"మరి ఇవాళ కొత్తదాంతో మొదలుపెట్టినవాళ్ళో? వాళ్ళకీ ఇదే గతి పట్టించమంటారా?"

చివరికి పాత ప్రోగ్రామును వేరే పేరుతో సర్వరు మీద ఉంచి, దానికి విడిగా ఒక లింకు తయారుచేశాడు. అది కొత్తదాని జోలికి పోదు. లింకు ఫోనులో పంపితే సరిపోయేది. కానీ తన బుర్రే చెడిందని నమ్మి గోడకేసి పడుకున్న మనిషికి లింకు ఏం చెబుతుంది? లేచి బయల్దేరాడు.

డ్రైవరుగారు ఇంకా గోడవైపే ఉన్నారు. కంప్యూటరులో పాతది తెరిచి, మంచం పక్కనే నిలబడ్డాడు ప్రోగ్రామరు.

"సార్, మీరు బండి నడుపుతుంటే నేను రాత్రికి రాత్రి గేర్లు మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మీ చెయ్యి సరైన చోటికే వెళ్ళింది. బండి చెడగొట్టింది నేను."

"విన్నారా?" అంది ఆవిడ. "మతి పోయింది మీకు కాదట. ఈ అబ్బాయికట!"

దుప్పటి కింద భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనకనుంచి తెలియలేదు. కాసేపటికి పెద్దాయన మెల్లగా ఇటు తిరిగాడు. ఎడమ చెయ్యి చాచాడు. ఆవిడ పరుగున పలక తెచ్చి ఒళ్ళో పెట్టింది.

వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. భయపడుతున్నాయి. పెద్దాయన కళ్ళెత్తి అతని మొహంలోకి సూటిగా చూస్తూ ఒక మీట నొక్కాడు.

"వద్దు" అంది కంప్యూటరు.

మళ్ళీ నొక్కాడు. "వద్దు." మూడోసారి నొక్కుతూ కనుబొమలు కూడా ఎగరేశాడు.

"వద్దులెండి సార్, చెప్పకుండా ఇంకెప్పుడూ మార్చను" అన్నాడు ప్రోగ్రామరు చెంపలు వేసుకుంటూ.

"నీ చీవాట్లు నీ గొంతుతోనే తిన్నావు" అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

పెద్దాయన చూపు అతని మీదనుంచి తిప్పలేదు. చెయ్యి మాత్రం తడుముకోకుండా ఇంకో మీట మీదికి జరిగింది.

"కూర్చో" అంది కంప్యూటరు. దాని వెనకే, వంకరపోయిన పెదవుల మధ్యనుంచి, "కూ... చ్చో" అన్న ఇంకో గొంతు వినిపించింది.

ప్రోగ్రామరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.